"నాకెర్కలేదు" అన్న పెద్దాయన: ఎనభయ్యేళ్లకు బయటపడిన 1948 నాటి బాల్యం

నేను వృద్ధుల మానసిక ఆరోగ్యం చూసే డాక్టర్ని. ఇది కొన్నేళ్ల కిందటి కేసు. పెద్దాయన బతికుండగా ఆయన్ని, ఆయన పోయాక కొడుకుని అడిగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కుటుంబం వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. ఎందుకు రాస్తున్నానంటే, తొమ్మిదేళ్ల పిల్లవాడు ప్రాణాలు కాపాడటానికి నేర్చుకున్న ఒక మాటని, "నాకెర్కలేదు" (నాకు తెలియదు) అన్నదాన్ని, మేం డాక్టర్లందరం జబ్బు లక్షణంగా లెక్కగట్టాం. అందులో నేనూ ఉన్నాను. రెండు నెలలు ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు, నేను దానికి మార్కులు వేస్తూనే ఉన్నాను.

నేపథ్యం

వయసు ఎనభై. పాత నల్లగొండ జిల్లాలో పల్లెటూరు. అప్పటి నల్లగొండ అంటే జనగామ తాలూకా కూడా అందులోదే, తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయలాంటి ప్రాంతం. జీవితమంతా వ్యవసాయం. చదువు రాత్రి బడిలో నేర్చుకున్నంతే. రెండేళ్ల కిందట భార్య పోయింది, ఊళ్లో ఒంటరిగా ఎందుకని కొడుకు హైదరాబాద్ తెచ్చుకున్నాడు. మూడో అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాటు.

బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మూడో రాత్రి నుంచి తికమక మొదలైంది. యూరిన్ పైపు పీకేశాడు, నర్సుని నెట్టాడు. పెద్ద వయసులో పెద్ద ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి వస్తుంది, డెలీరియం అంటాం. ఆ ఆస్పత్రిలో రాత్రిళ్లు నిద్ర కోసం లోరాజెపామ్ పెట్టారు. నాలుగు రోజులకు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే 30కి 8 వచ్చింది. కాగితం మీద ఒక వాక్యం ఉంది, దాన్ని నేను తర్వాత చాలాసార్లు తిరగేసి చూశాను: "తన పేరు కూడా చెప్పలేకపోతున్నారు." మతిమరుపు బాగా ముదిరిందని చెప్పి, దానికి వాడే డోనెపెజిల్ మాత్ర రాత్రి పూట వేసుకోమని రాసి ఇంటికి పంపారు.

నా దగ్గరికి ఎందుకు వచ్చారు

మూడు వారాల తర్వాత కొడుకూ కోడలూ తీసుకొచ్చారు. పగలు మందకొడిగా కూర్చుంటాడు, పిలిస్తే పలుకుతాడు, అంతవరకూ పర్లేదు. అసలు గొడవ రాత్రి. ఒంటిగంటన్నర, రెండు మధ్య లేచి వాకర్ పట్టుకుని హాల్లోకి వెళ్తాడు. అక్కడ దివాన్ కాట్ ఉంది, పైన పరుపు, కింద దుప్పట్లూ పాత బట్టలూ దాచే పెట్టె. పరుపు పక్కకి లాగి, ప్లైవుడ్ మూత ఎత్తి, చెవి దగ్గరపెట్టి వింటాడు. రాత్రి అన్నంలో మిగిల్చిన రొట్టెముక్క తెచ్చి బట్టల కింద పెడతాడు. ఎవరైనా మూత వేయబోతే "గాలి పోనియ్యి, గాలి పోనియ్యి" అంటాడు. "లోపల ఎవరున్నారు నాయినా" అని కొడుకు అడిగితే మాత్రం వెంటనే "ఎవల్లేరు. నాకెర్కలేదు."

ఇదంతా భరించారు. కానీ రెండుసార్లు అగ్గిపుల్ల గీసి ఆ పెట్టెలోకి దించాడు. లోపలంతా బట్టలు. ఇల్లు తగలబెడతాడన్న భయంతో కొడుకు హాల్లోనే కుర్చీలో పడుకుంటున్నాడు, పది రోజులుగా సరైన నిద్ర లేదు, ఆఫీసులో టెన్షన్. కోడలు అడిగిన మొదటి మాట, "ఆయన్ని ఎక్కడైనా చేర్పించాలా మేడమ్?"

ఇక్కడ ఒక చిన్న విషయం నా కళ్లముందే ఉంది, నేను చూడలేదు. లేని మనిషి కనిపిస్తున్నవాళ్లు అడిగితే సాధారణంగా చెప్తారు, అదిగో మా అమ్మ కూర్చుంది, అదిగో పిల్లలు ఆడుతున్నారు అని. ఈయన రొట్టె పెడుతున్నాడు, గాలి ఆడనిస్తున్నాడు, అడిగితే ఎవరూ లేరంటున్నాడు. కనిపించేవాళ్ల గురించి మాట్లాడటం కాదది, దాచిపెట్టడం. నేను నోట్సులో "భ్రమలు, ఒప్పుకోవడం లేదు" అని రాసి ముందుకెళ్లిపోయాను.

మొదట చేసినవి

డెలీరియం పూర్తిగా తగ్గకుండా మతిమరుపు ఎంతుందో తేల్చకూడదు. అందుకని ముందు దాన్ని పోషిస్తున్నవి తీసేయాలి. లోరాజెపామ్ ముసలివాళ్లలో తికమకని పెంచుతుంది, అలాగని ఒక్కసారే ఆపితే ఇంకో ప్రమాదం, కాబట్టి పది రోజుల్లో తగ్గిస్తూ ఆపాం. మలబద్ధకం ఉంది, సరిచేశాం. బీ12 తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడిపోయింది, ఈఎన్‌టీ వాళ్లు తీశాక "ఫ్యాను ఇంత సప్పుడు చేస్తదా" అన్నాడట. డోనెపెజిల్ రాత్రి వేసుకుంటే కొందరికి పీడకలలు వస్తాయి, పొద్దుటి పూటకి మార్చాను.

రెండు వారాల్లో పగలు బాగా తేరుకున్నాడు. పేపర్ పట్టుకోవడం, కూరలో ఉప్పెక్కువైందనడం. రాత్రి మాత్రం ఏమీ మారలేదు. రెండింటికి మూత, రొట్టె, గాలి.

మళ్లీ పరీక్ష పెట్టాను, ఈసారి నా ఓపీలో. ఇది ఏ సంవత్సరం? నాకెర్కలేదు. ఏ నెల? నాకెర్కలేదు. ఈ ఊరేది? మీ పేరు? నాకెర్కలేదు. ప్రతి జవాబూ ప్రశ్న పూర్తవకముందే వచ్చేది, ఆలోచించినట్టే లేదు.

దీన్ని నేను డిప్రెషన్ అనుకున్నాను. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ తర్కం తప్పు కాదు. మతిమరుపు ఉన్నవాళ్లు మామూలుగా జవాబు కోసం తడుముకుంటారు, తప్పైనా ఏదో ఒకటి చెప్తారు, కోడలి వైపు చూస్తారు, "ఇవన్నీ ఎందుకమ్మా" అని దాటేస్తారు. అడగ్గానే "తెలియదు" అనేయడం డిప్రెషన్‌లో ఎక్కువ. భార్య పోయింది, ఊరు పోయింది, కాలు పోయినంత పనైంది. డిప్రెషన్ మందు సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచాను, సోడియం పడిపోకుండా రక్తపరీక్షలు చేయిస్తూ. ఆరు వారాలకు ఆకలి కాస్త మెరుగైంది. రాత్రిళ్లు అలాగే. జవాబులూ అలాగే.

పనికిరానివి, నా సలహాతో జరిగిన నష్టాలు

మందులతో పాటు ఇంట్లో ఎలా మాట్లాడాలో కూడా చెప్పాను కదా, అవి వరసగా ఎలా బెడిసికొట్టాయో చెప్పాలి.

మొదట పుస్తకంలో ఉన్నట్టు వాస్తవం గుర్తుచేయమన్నాను. హాల్లో పెద్ద గడియారం, పెద్ద అక్షరాల క్యాలెండర్, చిన్న లైటు. లేచినప్పుడు "నాయినా, మనం హైదరాబాద్‌ల ఉన్నం, ఇండ్ల ఎవ్వరు లేరు, సూడు" అని కొడుకు పెట్టె మొత్తం తెరిచి టార్చ్ వేసి చూపించాలి. చూపించాడు. పెద్దాయన కొడుకు చేతిలోంచి టార్చ్ లాక్కుని ఆర్పేశాడు. ఇక రోజూ పెనుగులాటే.

అది వదిలేసి రెండోది, ఆయన మనసులో ఉన్నదాన్ని కాదనకుండా ఒప్పుకోమన్నాను. కోడలు "ఉన్నడు మామా, మంచిగున్నడు, నువ్వు పండుకో" అంది. ఆ రాత్రి ఆయన పడుకోలేదు, తెల్లారేదాకా దివాన్ పక్కన నేల మీద కూర్చున్నాడు, ఆపరేషనైన కాలు చాపుకుని. ఉన్నాడని ఇంట్లోవాళ్లే చెప్పాక ఇంక కాపలా ఎవరు మానతారు? ఈ పద్ధతి చాలామందికి హాయినిస్తుంది, నేనూ చాలా ఇళ్లలో చూశాను. కానీ ఆ మనిషి మనసులో ఉన్నది ఓదార్పు కోరే సంగతా, పని కోరే సంగతా అన్నది తెలియకుండా ఒప్పుకోమనడం నా పొరపాటు.

మూడోది నేను చెప్పలేదు, కానీ వద్దని గట్టిగా చెప్పలేదు కూడా. కొడుకు దివాన్‌కి తాళం వేయించాడు. ఆ రాత్రి పెద్దాయన ప్లైవుడ్‌ని గోళ్లతో పీకాడు. రెండు గోళ్లు లేచిపోయి రక్తం కారింది. పక్క ఫ్లాటువాళ్లు లేచి వచ్చారు. పొద్దున ఫోన్లో కొడుకు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు.

అప్పుడు భ్రమలకి వాడే క్వెటియాపిన్ అనే మందు 12.5 మిల్లీగ్రాములు ఇచ్చాను. మతిమరుపు ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులు మరణాల రిస్కు పెంచుతాయి, ఆ మాట ఇంట్లోవాళ్లకి చెప్పే ఇచ్చాను, నాలుగు రోజులకే లేచి నిలబడితే బీపీ పడిపోతోందని ఆపేశాను. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. నిద్రొచ్చే మాత్ర ఏదైనా సరే ఆయన నాలుక కింద పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తున్నాడు. బీ12, బీపీ మాత్రలు మాత్రం బుద్ధిగా మింగుతున్నాడు. ముదిరిన మతిమరుపు ఉన్న మనిషికి ఏ మాత్ర ఏదో అంత స్పష్టంగా తెలుస్తుందా?

దారి మళ్లిన చోటు

కోడలు చెప్పిన ఒక్క మాటతో మొదలైంది. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్తుంటే ఆటోవాడు చుట్టూ తిప్పుతున్నాడట, పెద్దాయన వెనకనుంచి "అటెందుకు పోతున్నవ్, పొద్దుగాల ఇటు నుంచి గద వచ్చినం" అన్నాడట. "ఇంటి దారి తెలిసినాయనకి పేరు తెలియదా మేడమ్?" అని అడిగింది.

ఆ రాత్రి పాత ఆస్పత్రి కాగితం మళ్లీ తీశాను. సొంత పేరు మరిచిపోయేది జబ్బు చివరి మెట్టు మీద. ఆ దశలో మనిషి మాత్రల్ని ఏరుకోలేడు, ఉప్పెక్కువైందనడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటానికి వీల్లేదు. అంటే ఆయన చెప్పలేకపోవడం లేదు, చెప్పడం లేదు. ఎవరికి చెప్పడం లేదు? అడిగేవాళ్లకి. నా గది గుర్తుచేసుకున్నాను. బల్ల అవతల తెల్లకోటు, చేతిలో కాగితం, పెన్ను, వరసగా ప్రశ్నలు. తలుపు దగ్గర ఖాకీ బట్టల్లో సెక్యూరిటీ గార్డు.

రెండో ముక్క మా ఫిజియోథెరపీ విభాగంలో పనిచేసే ఒక పెద్దావిడ దగ్గర దొరికింది. కేసు గురించి పేరు చెప్పకుండా, మూత ఎత్తి అగ్గిపుల్ల దించే మనిషిని ఎప్పుడైనా చూశావా అని అడిగితే వెంటనే "పాతర తీస్తుండేమో" అంది. నేను పట్నంలో పెరిగినదాన్ని, నాకు తెలియదు. జొన్నలు దాచుకోవడానికి వాకిట్లో లోతుగా గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, మూతికి రాతిబండ వేసి మట్టి మెత్తేవాళ్లట. తీసేటప్పుడు ఒక్కసారిగా లోపలికి దిగితే చనిపోతారు, లోపల మంచి గాలి ఉండదు. అందుకని ముందు బండ జరిపి గాలి పోనిచ్చి, దీపం దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగకూడదు.

ఇల్లు తగలబెట్టడానికి కాదు. లోపల ఉన్నవాళ్లకి ఊపిరాడుతోందా అని చూడటానికి.

ఆ పిల్లవాడి కాలం

ఓపీ మానేసి ఇంటికెళ్లాను. కోటు లేదు, కాగితం లేదు, నేల మీద చాప వేసుకుని కూర్చున్నాను, మొదటిరోజు ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయనే అడిగాడు, "మీదే ఊరు బిడ్డా?" మా అమ్మమ్మ వాళ్ల ఊరు చెప్పాను. "అక్కడ చెర్వు పెద్దది" అన్నాడు. గంటసేపు చెరువుల గురించే మాట్లాడుకున్నాం. మూడోసారి వెళ్లినప్పుడు పాతరల మాట నేనే ఎత్తాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, లేచి, గది తలుపు వేసి వచ్చాడు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పక తప్పదు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సంఘం (కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభని ఊళ్లలో అలాగే అనేవాళ్లు) ఉధృతమైంది. వెట్టి బంద్, లెవీ ధాన్యం ఇయ్యం అన్నారు. 1947 తర్వాత నిజాం పోలీసులకి రజాకార్లు, అంటే నిజాం పాలన నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన ప్రైవేటు దళం, తోడయ్యారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో బురుజెక్కి కాపలా కాసిన ఊరి మీద జరిగిన దాడి గురించి ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ పెద్దాయన అప్పుడు మేకలు కాసే పిల్లగాడు. మేకల పిల్లవాణ్ణి ఎవరూ అనుమానించరు కాబట్టి గుట్ట మీద దాక్కున్న సంఘపోళ్లకి సద్ది మోసే పని అతనిది. జొన్న గట్క ముంతలో పోసి, పైన గొంగడి కప్పి. తల్లి నేర్పిన పాఠం ఒక్కటే. "ఎవలడిగినా నాకెర్కలేదను. ఏది అడిగినా గదే అను. పేరడిగినా గదే అను." ఎందుకంటే పిల్లవాడి పేరు చెప్తే తండ్రి పేరు అడుగుతారు, తండ్రి పేరు చెప్తే ఇల్లు తెలుస్తుంది. చెరువుకట్ట మీద ఒకసారి జవాన్లు పట్టుకుని చెవి మెలిపెట్టి అడిగారు. కాగితం, పెన్సిల్ పట్టుకున్నవాడు ఒకడు పక్కన నిలబడ్డాడట. ఆ పెన్సిల్ రంగు కూడా చెప్పాడు నాకు.

ఇంతవరకూ కొడుక్కి కూడా తెలుసు, ఇంట్లో గర్వంగా చెప్పుకునే సంగతే. తర్వాతది తెలియదు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. మనం పోలీసు చర్య అంటాం. దాని తర్వాత చాలాచోట్ల, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింల మీద దాడులు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు ఉండొచ్చని అంచనా వేసింది. అన్నిటికన్నా దారుణంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో నల్లగొండ లేదు, కానీ భయం లేని ఊరు లేదు. వీళ్ల పక్కింట్లో ఒక దూదేకుల (ముస్లిం) కుటుంబం, భార్యాభర్తలు, ఈయన ఈడు పిల్లవాడు. ఊరందరికీ పరుపులూ బొంతలూ ఏకిపెట్టే మనిషి. పొరుగూళ్ల నుంచి గుంపు వస్తోందని తెలిసి ఈయన తల్లి ఆ ముగ్గుర్నీ తన వాకిట్లోని ఖాళీ పాతరలో దించి బండ వేసింది.

మూడు రాత్రులు. రాత్రి పొద్దుపోయాక బండ జరిపి, గాలి పోనిచ్చి, దీపం దించి చూసి, రొట్టెలు అందించడం ఈ పిల్లవాడి పని. పెద్దవాళ్లు అటూ ఇటూ తిరిగితే కనబడతారని. పగలు బావి దగ్గర సొంత ఊరివాళ్లే, మామా అని పిలిచేవాళ్లే, "వాళ్లేడికి పోయిండ్రురా" అని అడిగారు. నాకెర్కలేదు.

రెండో రాత్రి నిద్రపోయాడు.

ఇది చెప్పడానికి ఆయనకి రెండు వారాలు పట్టింది. మెలకువ వచ్చేసరికి కోడి కూస్తోంది. పరిగెత్తి బండ జరిపి దీపం దించితే ఆరిపోయింది. మళ్లీ ముట్టించి దించాడు, మళ్లీ ఆరిపోయింది. అక్కడ ఆగిపోయేవాడు. ప్రతిసారీ అక్కడే.

మేం ఆయనకి ఇస్తూ వచ్చింది నిద్ర మాత్రలు.

చేసిన పని, దాని వెనక ఆలోచన

నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అని ఒక పద్ధతి ఉంది, యుద్ధాల నుంచి బయటపడిన శరణార్థుల కోసం తయారైంది. నేల మీద ఒక తాడు పరిచి, పుట్టుక నుంచి ఇవాళ్టి దాకా జీవితం అనుకుని, మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెట్టించి, తర్వాత మొదటి నుంచి వరసగా చెప్పిస్తాం. రాయి దగ్గరకొచ్చినప్పుడు దాటేయకుండా నెమ్మదిగా చెప్పించి, అది అయిపోయాక ఏం జరిగిందో అక్కడిదాకా తీసుకెళ్తాం. గాయపడిన జ్ఞాపకానికి ముందూ వెనకా ఉండవు, అది ఎప్పుడూ ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది. దాన్ని తెచ్చి దాని స్థలంలో కూర్చోబెట్టడం మా పని.

ఎనభయ్యేళ్లవాడికి, కొంత మతిమరుపు ఉందని అనుమానం ఉన్నవాడికి ఇది చేయొచ్చా? మామూలుగా అయితే చేయను, మూసుకున్న పుండుని కెలక్కూడదు. కానీ ఇది మూసుకున్నది కాదు, రోజూ రెండింటికి తెరుచుకుంటోంది. పాత జ్ఞాపకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంట్లో నమ్మకమైన మనిషి ఉంది. కొడుకుతో కలిసి ఒక నియమం పెట్టుకున్నాం, వరసగా మూడు రాత్రులు ముందుకన్నా ఎక్కువ కలత పడితే ఆపేస్తాం. వారానికొకసారి, పొద్దున పదింటికి, నలభై నిమిషాలకి మించకుండా, మొత్తం ఎనిమిదిసార్లు.

తాడుకి బదులు పగ్గం కావాలన్నాడు. పువ్వులొద్దన్నాడు, వాడిపోతాయని. మంచికి చింతగింజలు, చెడుకి కంకరరాళ్లు. పెళ్లికి ఒక గింజ, మొదటి బావికి రెండు గింజలు, భార్య పోయిన చోట ఒక రాయి పెట్టి దాన్ని చాలాసేపు బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు.

అయిదోసారి దీపం దగ్గరికి వచ్చాం. ఆరిపోయింది అన్నాడు. చెమటలు పట్టాయి. నేను ఒక్కటే అడిగాను, "ఆ తర్వాత?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్లమ్మ గురించి, "అవ్వ ఉరికొచ్చింది. గుంజినం. పిలగాడు కండ్లు తేలేసిండు. మీద నీళ్లు కొట్టింది." ఆ తర్వాత? "దగ్గిండు." ఆ తర్వాత? మూడో రాత్రి జొన్నచొప్ప బండిలో ముగ్గుర్నీ పడుకోబెట్టి పైన చొప్ప పేర్చి తెల్లారకముందే పంపించారు. ఊరి పొలిమేరలో చొప్ప దుమ్ముకి లోపల పిల్లవాడు గట్టిగా తుమ్మాడు. ఈయన తండ్రికి ఏం చేయాలో తోచలేదు, ఈయన తల్లి మాత్రం ఎడ్లని గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టింది. ఇది చెప్తూ పెద్దాయన నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి వినడమని కోడలు తర్వాత చెప్పింది. 1948 దగ్గర పెట్టిన రాయి తీయలేదు, దాని పక్కన ఒక చింతగింజ పెట్టాడు.

దాంతో నాకు రాత్రికి కావలసిన మాట దొరికింది. ఎవరూ లేరు అంటే ఆయన దృష్టిలో అబద్ధం. ఉన్నాడు అంటే కాపలా. ఇప్పుడు మూడోది ఉంది, అది నిజం, ఆయన నోటితో వచ్చిన నిజం. కోడలికి నేర్పాను. ఆ రాత్రి రెండింటికి మూత ఎత్తగానే ఆవిడ పక్కన కూర్చుని, "బండి పోయింది గద మామా. పొలిమేర కాడ తుమ్మిండు గద" అంది. ఆయన ఆగాడు. "ఔ, తుమ్మిండు" అన్నాడు. మూత దించి వెళ్లి పడుకున్నాడు.

మొదటి వారంలో రెండు రాత్రులు పని చేసింది, మిగతావి కాలేదు. నెలకి సగం రాత్రులు. మూడు నెలలకి వారానికి ఒకటి రెండుసార్లు లేస్తున్నాడు, అగ్గిపుల్ల మళ్లీ గీయలేదు. తాళం ఎప్పుడో తీసేశాం. మూత కింద చిన్న చెక్కముక్క పెట్టి ఎప్పుడూ వేలెడు సందు ఉండేలా చేశాం, గాలి కోసం. తొమ్మిది వారాలకి, చాప మీద కూర్చుని, మాటల్లో మాటగా, కాగితం లేకుండా అదే పరీక్ష చేస్తే 30కి 19 వచ్చింది. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే గుర్తులేవు, తారీఖు తప్పింది. అంటే మతిమరుపు నిజంగానే ఉంది, తొలిదశలో. స్కానూ అదే చెప్పింది. డోనెపెజిల్ కొనసాగించాం. యుద్ధకాలపు గాయం తేలిందని జబ్బు మాయమైపోలేదు, రెండూ ఉన్నాయి. బహుశా జబ్బు కొత్త జ్ఞాపకాల్ని పలచన చేస్తుంటే పాతవి పైకొచ్చాయి. భార్య బతికున్నంతకాలం రాత్రిళ్లు ఆవిడ ఏం చేసేదో మాకు తెలియదు.

ఏడాదిన్నర బతికాడు. చివరి నెలల్లో మాటలు అర్థమవడం తగ్గిపోయింది, బండి సంగతి చెప్పినా పని చేయలేదు. అప్పుడు కోడలు నన్ను అడగకుండానే దివాన్ మూత పూర్తిగా తీసి గోడకి ఆనించేసింది. ఆయన వచ్చి, తొంగిచూసి, వెళ్లిపోయేవాడట. న్యుమోనియాతో పోయాడు, ఇంట్లోనే.

నేర్చుకున్నవి

"తెలియదు" అన్న జవాబుకి సున్నా వేసేముందు, ఈ మనిషికి జీవితంలో ఎవరు ప్రశ్నలు అడిగారో తెలుసుకోవాలి. ఈయన రజాకార్ల కాలంలో అదే మాట అన్నాడు, సొంత ఊరివాళ్లతో అదే అన్నాడు, ఆ తర్వాత 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా సైనిక క్యాంపుల్లో పోరాట దళాల గురించి అడిగితే మళ్లీ అదే అన్నాడు. నేను నాలుగోదాన్ని. నా గదిలో ఇప్పుడు కోటు వేసుకోను, గార్డు కుర్చీ నడవా చివరికి మార్పించాను. మొదటిసారి వచ్చిన వృద్ధులకి ఆరోజే పరీక్ష పెట్టను. 1948 నాటి పిల్లలు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు, కానీ 1990లలో ఉత్తర తెలంగాణ పల్లెల్లో రాత్రి అన్నలు అడిగితే ఒక జవాబు, పొద్దున పోలీసులు అడిగితే ఒక జవాబు చెప్పుకుంటూ పెరిగినవాళ్లు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు, మన ఓపీలకి నిద్ర పట్టడం లేదని వస్తున్నారు.

పగటికీ రాత్రికీ పొంతన లేకపోతే, మార్కులకీ మనిషికీ పొంతన లేకపోతే, మందు మార్చేముందు ఇంటికెళ్లి చూడాలి. ఇంట్లోవాళ్లు చెప్పే చిన్న మాటలు, ఆటో దారి లాంటివి, నోట్సులో రాసుకోవాలి. నాకు కోడలు కాకుండా ఇంకెవరు చెప్పినా అంత తొందరగా తెలిసేది కాదు.

ఒక్క విషయంలో మేం తప్పు చేయకుండా ఆగాం. అంతా తెలిశాక కొడుకు ఆ దూదేకుల కుటుంబాన్ని వెతుకుతానన్నాడు, బండి ఏ వైపు పోయిందో తెలుసు కదా, ఆ వైపు ఊళ్లలో అడిగితే దొరక్కపోరు, నాయినకి చివరి రోజుల్లో సంతోషంగా ఉంటుంది అని. నాకూ ఆశగానే అనిపించింది. కానీ ఆయన్ని అడగకుండా చేయొద్దన్నాను. అడిగాం. పగ్గం చుట్ట చుడుతూ విన్నాడు. "బతికుంటె బతికిండు" అన్నాడు. "ఊరూరు తిరిగి గా పేరుతోని అడుక్కుంట పోతె, మళ్ల ఎందుకొచ్చిండ్రో అని భయపడ్తరు బిడ్డా. అడుగొద్దు."